దుబాయ్ ఉద్యోగమని చెప్పి విజిట్ వీసా ఇస్తున్నారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

జగిత్యాల దగ్గర ఒక ఏజెంటు మా బావమరిదికి గోదాములో పని ఇప్పిస్తానని లక్షకు పైగా తీసుకుని, విమానం ఎక్కే ముందురోజు రాత్రి విజిట్ వీసా కాగితం చేతిలో పెట్టాడు. అక్కడికి చేరగానే కంపెనీయే దాన్ని వర్క్ పర్మిట్‌గా మారుస్తుందని నమ్మబలికాడు. అదే ఏజెంటు ఇప్పుడు మళ్ళీ పాస్‌పోర్టులు సేకరిస్తున్నాడని తెలిసి ఇది రాస్తున్నాను.

అతని మాటలో సగం నిజం ఉండడమే అసలు ప్రమాదం. విజిట్ వీసా మీద వెళ్ళినవారు అక్కడే ఉద్యోగ వీసాకు మారే వీలు ఎమిరేట్స్‌లో ఉన్న మాట వాస్తవమే గాని, అందుకు యజమాని అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ నుండి పర్మిట్ తీసుకోవాలి. అది వచ్చేదాకా ఒక్కరోజు పనిచేసినా చట్టవిరుద్ధమే. మావాడితో పని చేయించుకున్న కంపెనీ పర్మిట్‌కు దరఖాస్తే పెట్టలేదు. జీతం అడిగితే, నువ్వు మా రికార్డుల్లోనే లేవన్నారు. ఈలోగా వీసా గడువు ముగిసి, రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరిగింది. కల్లివెల్లిగా, అంటే సరైన వీసా కాగితాలు లేకుండా అక్కడే దాక్కుని బతికేవాడిగా, మిగిలిపోతాడేమోనన్న భయంతో ఇంట్లోవాళ్ళు అప్పు చేసి జరిమానా, టికెట్టు డబ్బులు పంపి వెనక్కి రప్పించుకున్నారు.

పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకునే యజమానికి, అక్కడి కార్మిక చట్టానికి 2024లో చేసిన సవరణ ప్రకారం లక్ష నుండి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది. నియామకపు ఖర్చులను కార్మికుడి నుండి రాబట్టకూడదని కూడా అక్కడి చట్టం చెబుతోంది. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ మాత్రమే, అదీ రసీదు ఇచ్చి.

కాబట్టి పైసా ఇవ్వకముందే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి భారత ప్రభుత్వ వెబ్‌సైటైన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో ఏ గుర్తింపూ లేదు. కంపెనీ పేరు, జీతం, పని వివరాలున్న ఆఫర్ లెటర్ చూడనిదే పాస్‌పోర్టు అప్పగించకండి. పదో తరగతి పాసవని కారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఉన్నవారు గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే అందుకు మన ప్రభుత్వమిచ్చే అనుమతి, తప్పనిసరి; దాన్ని తప్పించుకోవడానికే రిటర్న్ టికెట్టు కొనిచ్చి, ఎయిర్‌పోర్టులో చుట్టపుచూపుగా వెళ్తున్నామని చెప్పమంటారు. ఎవరైనా మీకు ఆ మాట నేర్పితే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే డబ్బు కట్టినవారు ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా దాచి, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్ళేవారి రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) కార్యాలయంలోనూ, స్థానిక పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయండి. అక్కడే చిక్కుకున్నవారు జరిమానా ఇంకా పెరగకముందే దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌ను ఆశ్రయించండి.