థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగమని కడపలో డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

"థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచర్లు కావలెను, నెలకు లక్ష, డిగ్రీ ఉంటే చాలు." ఈ ప్రకటన కడప వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. దాన్ని నమ్మి నేను ఇక్కడొక ఏజెంటు ఆఫీసుకు 94,000 రూపాయలు కట్టినా. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ చదివి ఆరేళ్లుగా ప్రైవేటు స్కూల్లో చెప్తున్నా, జీతం 14,000. ఆశ ఎందుకు పుట్టిందో ఇంక వేరే చెప్పాల్సిన పని లేదు.

రిజిస్ట్రేషన్‌కు 6,000, టెఫెల్ (ఇంగ్లీషు సొంత భాష కానోళ్లకు ఇంగ్లీషు చెప్పే శిక్షణ) సర్టిఫికెట్‌కు 22,000, వీసాకు 18,000, "స్కూలు ఖాయం చేసేదానికి" 48,000. ఒక్కోసారి ఒక్కో ఫోన్‌పే నంబరు, అన్నీ మనుషుల పేర్ల మీదే. రసీదు అడిగితే "ఏం మేడం, మా మీద నమ్మకం లేదా" అన్నారు. మొహమాటానికి పోయి ఊరకున్నా.

టెఫెల్ సర్టిఫికెట్ మీద 120 గంటల శిక్షణ అని ఉంది. అది నా చేతికొచ్చింది మూడు దినాలకు. మూడు దినాలు నిద్ర పోకుండా కూర్చున్నా 72 గంటలే కదా! అప్పుడు నవ్వుకున్నా కానీ అనుమానపడలా.

అనుమానం వచ్చింది ఆఫర్ లెటర్ చూసినాక. ఏప్రిల్ 5న స్కూల్లో చేరమని ఉంది. థాయ్‌లాండ్‌లో బడులు మామూలుగా మే నడిమధ్యలో తెరుస్తారు. మార్చి, ఏప్రిల్ వాళ్లకు ఎండాకాలం సెలవులు, వాళ్ల కొత్త సంవత్సరం సొంక్రాన్ పండగ కూడా ఏప్రిల్ 13 నుంచే. మూసిన బడిలో ఎవరికి చెప్పాల పాఠం? లెటర్‌లో ఉన్న నంబరు వదిలేసి, ఆ స్కూలు సొంత వెబ్‌సైటులోని చిరునామాకు మెయిల్ పెట్టినా. రెండు దినాల్లో జవాబొచ్చింది: అట్లాంటి ఖాళీ లేదు, ఆ లెటర్ మాది కాదు.

ఇంక వీసా కథ. 2024 జూలై నుంచి మన పాస్‌పోర్టుకు 60 దినాలు వీసా లేకుండానే థాయ్‌లాండ్ రానిచ్చినారు. నాకు 18,000కు అమ్మింది అదే! అది చూసి వచ్చేదానికే, పాఠం చెప్పేదానికి కాదు. చెప్పాలంటే ఉద్యోగానికిచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, స్కూలు పెట్టించే వర్క్ పర్మిట్ రెండూ కావాల. పర్మిట్ లేకుండా దొరికితే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, ఆపైన వెనక్కి పంపేస్తారు. "ముందు పోండి, అక్కడ మార్పిస్తాం" అనేది మన జిల్లాకు కొత్త మాటేం కాదు. కువైట్ ఆజాద్ వీసాల (ఉద్యోగం ఖాయం లేకుండా, పోయినాక పని వెతుక్కోమని అమ్మే వీసాలు) కాలం నుంచి వింటున్నదే. ఇదీ అట్లాంటిదేనని మా అమ్మ మొదటి దినమే అనింది, చదువుకున్నదాన్ని కదా, నేను వినలా. పర్యాటకులుగా బ్యాంకాక్‌లో దిగి మయన్మార్ సైబర్ ముఠాల చేతిలో పడినోళ్లను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. నేను టికెట్ కొనకుండా ఆగినా, అదొక్కటే నా అదృష్టం.

అదే ఆఫీసు కొరియా కూడా అమ్ముతోంది, "ఏ డిగ్రీ అయినా పర్వాలేదు" అని. కొరియాలో భాష చెప్పే టీచర్లకిచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా వాళ్లకే. 2010లో అమలైన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం కింద మనకు చిన్న సందు ఉంది కానీ, దానికి టీచరు అర్హత ఉండాల.

1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాల. ఆ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు పేరు కొట్టి చూడొచ్చు. అంత రిజిస్ట్రేషన్ ఉన్నోడు కూడా తీసుకోగలిగింది 30,000, దానిపై జీఎస్టీ, అదీ రసీదుతో. నేను ఈ సైటు చూసింది అంతా కట్టినాక. నేను డబ్బు కట్టినోళ్ల పేరు అందులో లేదు.

గట్టిగా అడిగితే 20,000 తిరిగిచ్చినారు. మిగతాదానికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసినా, పోలీసు ఫిర్యాదూ ఇచ్చినా, ఇంకా తేలలేదు. డబ్బు కట్టిన వెంటనే 1930కి చెప్పింటే అవతల ఖాతా ఆపే వీలుండేదంట, నేను పోయేసరికి నెలన్నర. మీలో ఎవరన్నా ఇప్పటికే కట్టింటే, చాట్లు తుడిచేయకుండా ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆఫర్ లెటర్ తీసుకుని ఈ పొద్దే ఫిర్యాదు చేయండి. వాళ్లు "వారం ఆగండి మేడం" అంటారు, ఆగద్దండి.