టెల్ అవీవ్ ‘స్వాతంత్ర్య బాట’: తప్పక నడవదగిన కిలోమీటరు

టెల్ అవీవ్ ఎలా పుట్టిందో తెలుసుకోవాలనుకునేవారు ముందుగా రాత్‌షిల్డ్ బులెవార్డ్ పరిసరాల్లో సాగే ‘స్వాతంత్ర్య బాట’ నడవాలని నా గట్టి సిఫారసు. సుమారు కిలోమీటరు పొడవున, పది మజిలీలతో ఉన్న ఈ బాటకు రుసుము లేదు. గైడ్ లేకుండానే ఎవరికి వారు నడవవచ్చు.

మొదటి మజిలీ 1910 నాటి చిన్న కియోస్క్ (బడ్డీ కొట్టు). విచిత్రమేమంటే, తర్వాత టెల్ అవీవ్‌గా ఎదిగిన ఈ పేటను దుకాణాలు లేని ప్రశాంతమైన నివాస ప్రాంతంగా ఉండాలని తలపెట్టారు. పక్కనున్న రేవు పట్టణం యాఫాలోని ఇరుకు వీధుల నుంచి బయటపడి సొంత ఇళ్లు కట్టుకోవాలని యూదు వలసదారు అకీవా వైస్ 1906లో ఇచ్చిన పిలుపుతో ఏర్పడిన గృహ నిర్మాణ సంఘం సభ్యులు, 1909 ఏప్రిల్ 11న ఇసుక తిన్నెల మీద చేరి, ఒక రంగు గవ్వలపై పేర్లు, మరో రంగు గవ్వలపై స్థలాల సంఖ్యలు రాసి, చీట్లు తీసినట్టు తీసి 66 కుటుంబాలకు స్థలాలు పంచారు. బడిలోనూ బజారులోనూ హీబ్రూయే మాట్లాడే ఊరు కావాలన్నది వారి ఆశయం. అందుకే హెర్జల్ వీధి కొసన హెర్జ్‌లియా ఉన్నత పాఠశాలను నిలిపారు. ఆ భవనాన్ని 1962లో కూల్చివేయడం తీరని నష్టమని, దాని స్థానంలో లేచిన ఎత్తైన షాలోమ్ టవర్ ముందు నిలబడినప్పుడు అనిపిస్తుంది.

నన్ను ఎక్కువసేపు నిలిపినది వ్యవస్థాపకుల స్మారకం. ఆ శిలాఫలకంలో కింది వరుసలో ఇసుకను చదును చేస్తున్న కూలీలు, మధ్యలో తొలి భవనాలు, పైన ఎదిగిన నగరం చెక్కి ఉన్నాయి. మరోవైపు ఆ 66 కుటుంబాల పేర్లున్నాయి. వాటిలో ఒకటైన డిజెన్‌గాఫ్ కుటుంబపు ఇల్లు ఆ దగ్గరలోనే, రాత్‌షిల్డ్ బులెవార్డ్ 16వ నంబరులో ఉంది. తొలి మేయరైన మెయిర్ డిజెన్‌గాఫ్ భార్య జ్ఞాపకార్థం ఆ ఇంటిని కళా ప్రదర్శనశాలకు ఇచ్చారు. 1948 మే 14న, తర్వాత తొలి ప్రధాని అయిన బెన్ గురియన్ ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటన చదివింది అక్కడే. గవ్వతో వచ్చిన స్థలం నలభై ఏళ్లు తిరగకముందే ఒక దేశానికి పురిటిల్లయింది. లోపలికి ప్రవేశం ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఈ ఒక్క బాటతో కథ పూర్తయిందనుకోకూడదు. 1887లోనే వెలసిన నెవె ట్సెడెక్ పేటకూ, అక్కడి నుంచి యాఫాకూ తప్పకుండా వెళ్లండి. 1948 యుద్ధంలో యాఫా అరబ్బుల్లో అత్యధికులు ఇళ్లు వాకిళ్లు కోల్పోయారు. 1950లో ఆ ప్రాచీన రేవు పట్టణాన్ని, దాని పొలిమేరలో పేటగా మొదలైన టెల్ అవీవ్‌లోనే కలిపేశారు.