హనుమకొండలో ఒక ప్రసంగ సాధన క్లబ్బు: పది నెలల సభ్యత్వం తర్వాత

వ్యవసాయ విస్తరణాధికారి ఉద్యోగంలో సగం పని పొలాల్లో ఉంటే, మిగిలిన సగం నలుగురి ముందు నిలబడి మాట్లాడడంలో ఉంటుంది. వానాకాలం విత్తనాలకు ముందు రైతు వేదికలో అవగాహన సదస్సు పెట్టాలి, యాసంగిలో వరి కోత అయ్యాక కొయ్యకాళ్లు కాల్చవద్దని చెప్పాలి, మధ్యలో పై అధికారులు వస్తే అప్పటికప్పుడు మండలం పరిస్థితి వివరించాలి. ఇవన్నీ ఏళ్ల తరబడి చేస్తున్నా, చేతిలో కాగితం లేకపోతే నా మాట తడబడేది. గత ఏడాది ఒక సదస్సులో పెద్ద వయసు రైతు ఒకాయన లేచి, "సారూ, మీరు చెప్పిన మందే కొట్టినం, పురుగు పోలె. ఇప్పుడేం చేయమంటరు?" అని అడిగాడు. జవాబు నాకు తెలుసు. కానీ మందు పేరుతో మొదలుపెట్టి, వానలోకి వెళ్లి, విత్తనం రకం దాకా పోయి, నాలుగు నిమిషాల తర్వాత ఎక్కడ ఆపాలో తెలియక ఆగిపోయాను. ఆయన "సరే తీయ్ సారూ" అని కూర్చున్నాడు. ఆ మాట చాలా రోజులు నా మనసులో మెదిలింది. ఆ తర్వాతే ఒక మిత్రుడి సలహాతో హనుమకొండలో, సుబేదారి దగ్గర ప్రతి ఆదివారం సాయంత్రం జరిగే ఈ ప్రసంగ సాధన క్లబ్బుకు వెళ్లాను. ఈ పది నెలల్లో అక్కడ నాకు దొరికిందేమిటో, దొరకనిదేమిటో చెబితే, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

సభ జరిగేది ఒక పాఠశాల పై అంతస్తు గదిలో. ఇరవై మంది దాకా వస్తారు. ఇంజినీరింగ్ విద్యార్థులు, బ్యాంకు ఉద్యోగులు, ఒక న్యాయవాది, ఇద్దరు ప్రభుత్వ ఉపాధ్యాయులు, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన క్రమం తప్పకుండా కనిపిస్తారు. సభ నడిచే తీరు 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ముందుగా తయారై వచ్చి చేసే ప్రసంగాలు, ఆ తర్వాత అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై టేబుల్ టాపిక్స్ అనే ఆశు ప్రసంగాలు, చివర మూల్యాంకనం. ప్రతివారం ఒకరు సభ నడుపుతారు, ఒకరు సమయం చూస్తారు, ఒకరు భాషను గమనిస్తారు, మరొకరు "ఆఁ", "ఊఁ" వంటి అనవసరపు శబ్దాలను లెక్కపెడతారు. ఈ బాధ్యతలు వారం వారం చేతులు మారుతుంటాయి కాబట్టి, కొత్తగా వచ్చినవారు కూడా రెండో నెలకల్లా ఏదో ఒక పని మీద లేచి మాట్లాడవలసి వస్తుంది.

నా అంచనాలో ఈ క్లబ్బుకు కట్టిన ప్రతి రూపాయికీ విలువ తెచ్చేది ఆశు ప్రసంగమే. ఇచ్చే సమయం రెండు నిమిషాలు. ఒక నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు చూపిస్తారు. మొదటిసారి నాకు వచ్చిన చీటీలో "మీ ఊరి చెరువు" అని ఉంది. చెరువుల గురించి నాకు తెలియనిదేముంది? ఆయకట్టు తెలుసు, తూము తెలుసు, కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం తెలుసు, మా ఊరి చెరువు అలుగు పోసిన రాత్రి కూడా తెలుసు. అయినా నలభై సెకన్లలో ఆగిపోయాను. చెప్పడానికి ఏమీ లేక ఆగిపోలేదు, అన్నీ ఒక్కసారిగా నోటి దగ్గరికి రావడంతో ఏది ఎత్తుకోవాలో తేల్చుకోలేక ఆగిపోయాను. రైతు వేదికలో నాకు జరిగింది కూడా ఇదేనని ఆ రోజు నాకు అర్థమైంది. నేను జ్ఞాపకశక్తి లోపమనుకున్నది నిజానికి ఎంపిక లోపం.

దీనికి క్లబ్బులో నేర్పే ఉపాయం చాలా చిన్నది. ముందు విషయం ఒక్క వాక్యంలో చెప్పాలి, తర్వాత ఒక కారణం, ఒక ఉదాహరణ, చివర మళ్లీ విషయం. బతుకమ్మ సెలవుల గురించి అడిగారనుకోండి. "తొమ్మిది రోజులూ పిల్లలు ఊళ్లో ఉండాలి" అని మొదటే చెప్పేయాలి. ఎందుకంటే తంగేడు ఏదో, గునుగు ఏదో చేనుగట్టు మీదే తెలుస్తుంది, పుస్తకంలో తెలియదు అనాలి. ఆ తర్వాత మా చెల్లెలి కూతురు గునుగుపూలకు రంగు అద్దడం నేర్చుకున్న సంగతి చెప్పాలి. ఎర్ర కార్డు లేచేసరికి మొదటి మాట దగ్గరికి తిరిగి రావాలి. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది, కానీ తెలుగులో దీన్ని పాటించడానికి అదనపు శ్రద్ధ అవసరమని నా అనుభవం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. మనం "చేసి", "వెళ్లి", "చూస్తే" అంటూ ఒకదాని వెనుక ఒకటి పేర్చుకుంటూ పోతుంటే, వినేవాడు అసలు పని ఏమిటో తెలియక ఆ చివరి క్రియ కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. రాతలో ఇది అందంగా ఉండవచ్చు, చదివేవాడికి కళ్లు వెనక్కి తిప్పుకునే వీలుంది కదా. చెవికి ఆ వీలు లేదు. అందువల్ల మాట్లాడేటప్పుడు వాక్యాన్ని త్వరగా ముగించి కొత్తది ఎత్తుకోవడం నేను పట్టుబట్టి అలవాటు చేసుకున్నాను.

ఒక వారం రైల్వే పెద్దాయనకు "ఆలస్యం" అనే చీటీ వచ్చింది. ఆయన తొణకకుండా, బండి ఆలస్యంగా రావడం ప్రయాణికుడిని అంతగా బాధించదని, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పకపోవడమే బాధిస్తుందని మొదలుపెట్టి, ఒకప్పుడు చలిరాత్రి ప్లాట్‌ఫారం మీద తాను ప్రతి పావుగంటకూ మైకులో సమాచారం చెప్పించిన సంగతి వివరించి, నిమిషం యాభై సెకన్లకు ముగించారు. సభ నిశ్శబ్దంగా వింది. అవధానంలో పృచ్ఛకులు ఇచ్చిన సమస్యను పూరించే ఆశుధారకు మన దగ్గర ఎంత గౌరవం ఉందో మనకు తెలుసు. మామూలు మాటలో కూడా ఆ కోవకు చెందిన సాధన ఒకటి ఉందని నాకు ఆ రోజు తోచింది.

అనవసరపు శబ్దాల లెక్క గురించి కూడా చెప్పాలి. "సో", "యాక్చువల్‌గా" పట్టుకోవడం తేలికే. తెలుగులో చిక్కు "అంటే" దగ్గర వస్తుంది. "వాన పడితే, అంటే, రైతు, అంటే, సంతోషిస్తాడు" అన్నప్పుడు అది ఊతపదం. "ఆయకట్టు అంటే చెరువు కింద తడిసే భూమి" అన్నప్పుడు అది వాక్యానికి వెన్నెముక. "ఇగ", "మరి", "ఏందంటే", "అన్నట్టు" కూడా అంతే, ఒకచోట ఊతం, ఇంకోచోట అర్థం. నా మొదటి ప్రసంగంలో "ఏందంటే" పదిహేడుసార్లు వచ్చిందని లెక్క తేలింది. లెక్క రాసినామె వాటిలో మూడు సార్థకమేనని విడిగా చెప్పింది, ఆ శ్రద్ధకు నేను ఇప్పటికీ ఆమెకు కృతజ్ఞుడినే. అయితే అందరూ అంత జాగ్రత్తగా లెక్కించరు. కొందరు ప్రతి "అంటే"కూ గీత గీసేస్తారు, దాంతో కొత్తవారు మరింత బిగుసుకుపోతారు.

తయారై వచ్చి చేసే ప్రసంగాల సంగతికి వస్తే, మొదటిది మనల్ని మనం పరిచయం చేసుకునే నాలుగు నుంచి ఆరు నిమిషాల ప్రసంగం. తర్వాతివి సాధారణంగా ఐదు నుంచి ఏడు నిమిషాలు. నా మూడో ప్రసంగానికి పత్తిలో గులాబీ రంగు పురుగును ఎంచుకున్నాను. రైతులకు నలభై నిమిషాలు చెప్పే పాఠాన్ని ఏడు నిమిషాలకు కుదించడానికి రెండు వారాలు పట్టింది. పురుగు జీవితచక్రం తీసేశాను, మందుల జాబితా తీసేశాను. విత్తిన నలభై ఐదు రోజులకు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే బుట్టలు, పెట్టడం, వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు బుట్టకు రోజుకు ఎనిమిదేసి పడితే మందుకు సిద్ధపడడం, విచ్చుకోని గుడ్డిపూలను ఏరి నాశనం చేయడం, ఈ మూడింటినే ఉంచాను. నా ప్రసంగాన్ని మూల్యాంకనం చేసింది పత్తిచేను దగ్గరగా చూడని ఒక బ్యాంకు ఉద్యోగిని. "ఎనిమిది పురుగులు అర్థమైంది, మూడు రోజులు అర్థమైంది. కానీ సార్, బుట్ట ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తులో కట్టాలో మీరు చెప్పలేదు. నేను రైతునైతే ఇంటికి పోయి వాకిట్లో కట్టుకునేదాన్ని" అన్నారామె. పైరు కంటే అడుగు ఎత్తులో కట్టాలన్నది నాకు ఎంత సహజమైపోయిందంటే, అది చెప్పాల్సిన విషయమన్న సంగతే మరిచిపోయాను. అటువంటి ఒక్క మాట కోసం మూడు నెలల చందా కట్టినా తక్కువే.

దురదృష్టవశాత్తు అటువంటి మూల్యాంకనం అన్ని వారాలూ దొరకదు. ఎక్కువసార్లు "చాలా బాగుంది, చేతుల కదలిక ఇంకొంచెం ఉండాలి, మొత్తానికి చాలా బాగుంది" అనే ధోరణిలో సాగుతుంది. మంచి మాటల మధ్య లోపాన్ని మెత్తగా చెప్పడం మంచి పద్ధతే, మొదటి ప్రసంగం చేసినవారి విషయంలో అది అవసరం కూడా. ఆరో ప్రసంగం చేస్తున్నవారికి కూడా చేతుల గురించే చెప్పి, చెప్పిన వాదన నిలబడిందా లేదా అన్నది వదిలేస్తే మాత్రం వారు ఎదగరు. మూల్యాంకనం చేసేవారు ప్రసంగంలోని అసలు విషయాన్ని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి మొదలుపెట్టాలన్న నియమం పెడితే బాగుంటుందని నా సూచన. వాక్యం చెప్పలేకపోతే ప్రసంగంలోనో, వినడంలోనో లోపమున్నట్టు వెంటనే తేలిపోతుంది.

భాష విషయంలో నాకు మరింత గట్టి అభిప్రాయం ఉంది. నెలలో మూడు వారాలు సభ ఇంగ్లిషులో, ఒక వారం తెలుగులో జరుగుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలకు వెళ్లే విద్యార్థులకు ఇంగ్లిషు అవసరాన్ని నేను కాదనను. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక డిగ్రీ విద్యార్థి మాత్రం ఇంగ్లిషు వారాల్లో రెండు నెలలు నోరు విప్పలేదు. తెలుగు వారంలో తన తల్లి కూలీలతో కలిసి మిర్చి ఏరే రోజు గురించి లెక్క తప్పకుండా రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాతే ఇంగ్లిషులో కూడా లేవగలిగాడు. నిలబడడం ఒక భయం, పరాయి భాష మరో భయం, రెండింటినీ ఒకేసారి మోయమంటే ఎవరికైనా కష్టమే. అందువల్ల తెలుగు సభలు నెలకు కనీసం రెండు ఉండాలి.

ఆ తెలుగు సభల్లో కూడా ఒక పొరపాటు జరిగింది. భాషను గమనించే బాధ్యతలో ఉన్న ఒక సభ్యుడు "పోయినం", "చేసిన్రు", "వస్తుండు" అన్న మాటలను తప్పుల జాబితాలో చదివారు. సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే నేల మీద, అందులోనూ ఆయన బతికిన ఊళ్లో, ఇంటి మాట తప్పుగా లెక్కకు రావడం నన్ను నిజంగా బాధించింది. సభ అయ్యాక అధ్యక్షురాలితో మాట్లాడాను. ఆమె శాంతంగా విని, తర్వాతి వారమే యాసను తప్పుగా ఎంచరాదని, అర్థం కాని మాటను మాత్రమే గుర్తించాలని సభలో ప్రకటించారు. చెప్పగానే దిద్దుకునే గుణం ఈ క్లబ్బుకు ఉందని ఇక్కడ నమోదు చేయడం న్యాయం.

ఇక చేరాలనుకునేవారికి అవసరమైన సంగతులు. చందా ఆరు నెలలకు రెండు వేల రూపాయలు. మొదటి రెండు సభలకు అతిథిగా ఉచితంగా రావచ్చు. అతిథిని బలవంతంగా లేపరు, ఇష్టమైతేనే ఆశు ప్రసంగానికి పిలుస్తారు. గది విశాలంగానే ఉంటుంది కానీ, మెట్లెక్కలేనివారికి ఇబ్బంది. ఐదు గంటలకు మొదలు కావలసిన సభ తరచూ ఐదుంబావుకు, ఒక్కోసారి ఐదున్నరకు మొదలవుతుంది. దీని ఫలితం కనిపించేదానికంటే పెద్దది. ఏడుకు ముగియాల్సింది ఏడున్నర దాటుతుంది. దూరం నుంచి వచ్చేవారు, ముఖ్యంగా బస్సు అందుకోవలసిన అమ్మాయిలు, మూల్యాంకనం మొదలుకాకముందే లేచి వెళ్లిపోతారు. అంటే అందరికంటే ఎక్కువ కష్టపడి వచ్చినవారే, క్లబ్బు ఇచ్చేదాంట్లో విలువైన భాగాన్ని పోగొట్టుకుంటున్నారు.

గత నెల రైతు వేదికలో మరో రైతు దాదాపు అదే ప్రశ్న అడిగాడు. కాయలో పురుగు ఉంది, మందు పని చేయలేదు, ఏం చేయాలి అని. ఈసారి నేను వెంటనే మొదలుపెట్టలేదు. ఒక్క క్షణం ఆగి, "కాయ లోపలికి పోయిన పురుగుకు పైన కొట్టిన మందు తగలదు" అని మొదట చెప్పాను. కారణం చెప్పాను. పక్క ఊరి చేనులో ముందే బుట్టలు పెట్టి గుర్తించిన ఉదాహరణ చెప్పాను. ఇప్పుడు మిగిలిన పని, పంటను పొడిగించకుండా డిసెంబరులోపు తీసేయడమేనని ముగించాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రేపు మా చేను వచ్చి చూడు సారూ" అన్నాడు. మరుసటి రోజు వెళ్లాను.

ఇంకో ఆరు నెలలకు చందా కట్టాను. ఈ ఆదివారం నాకు ఇచ్చిన బాధ్యత సమయం చూడడం. నాలుగు ముప్పావుకే వెళ్లి గది తెరిపించి, వచ్చినవారు ఐదుగురే అయినా సరే ఐదింటికి సభ మొదలుపెట్టిస్తానని అధ్యక్షురాలికి చెప్పాను, ఆమె సరేనన్నారు.