లైవ్ క్లాసులా, కోర్సు డిజైనా: మొదటి రెండేళ్లకు ఏది మేలు?

"ఆన్‌లైన్ బోధనలోకి రావాలనుకుంటున్నాను. లైవ్ క్లాసులు చెప్పమంటారా, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ నేర్చుకోమంటారా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటే, నేర్చుకునేవాళ్లు తమంతట తామే చదువుకునేలా పాఠాలు, క్విజ్‌లు ముందే తయారుచేసి పెట్టే పని. నేను మూడేళ్లు లైవ్ క్లాసులు చెప్పి, ఆ తర్వాత డిజైన్ వైపు మారాను. కాబట్టి రెండింటి కష్టసుఖాలూ తెలుసు.

సుఖం మాటే అడిగితే డిజైనే మేలు. పనివేళలు చాలావరకు మన చేతిలో ఉంటాయి. ఒకసారి తయారుచేసిన మాడ్యూల్ (ఆన్‌లైన్ పాఠం) వేలమందికి పనికొస్తుంది, అనుమతి ఉంటే పోర్ట్‌ఫోలియోలోనూ చూపించుకోవచ్చు. లైవ్ క్లాసుల్లో అలా కాదు. గొంతు పోయిందంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. సాయంత్రాలు, సెలవు రోజులు మనవి కావు. ఎంత బాగా చెప్పినా ఆ గంట అయ్యాక చేతిలో మిగిలేది తక్కువ.

అయినా కొత్తవాళ్లను ముందు లైవ్ క్లాసులే చెప్పమంటాను. మన పాఠం ఎక్కడ తప్పిందో మనకు ఎంత త్వరగా తెలుస్తుందన్నదే నా లెక్కలో అసలు విషయం.

ఒకసారి శాతాల గురించి పాఠం చెబుతున్నాను. "100 ఉన్న ధర 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే ఎంత?" అని అడిగాను. చాట్‌లో వరసగా 100, 100, 100 అని వచ్చాయి. సరైన జవాబు 96. రెండోసారి 20 శాతం తీసింది 100 మీద కాదు, 120 మీద అన్న సంగతి నా వివరణలో ఎక్కడా లేదు. అది నాకు అర్థం కావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మరుసటి క్లాసుకు పాఠం మొదలే మార్చేశాను.

డిజైన్‌లో అదే తప్పు చేస్తే? పాఠాలను కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌తో కలిపేందుకు 2001లో వచ్చిన స్కార్మ్ 1.2 అనే పద్ధతిలో తయారైన మాడ్యూళ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. పూర్తి చేశారా, ఎన్ని మార్కులు, ఎంతసేపు ఉన్నారు అన్నవి ఆ సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఎల్ఎంఎస్‌కు, చేరతాయి. ఏ ప్రశ్నకు ఏ జవాబు ఎంచుకున్నారో కూడా పంపేలా అమర్చుకోవచ్చు. ఎందుకు ఎంచుకున్నారో మాత్రం అందులో ఉండదు. వీడియోలదీ అంతే. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థంగా ఆరు నిమిషాలకు మించి చూడలేదని తేలింది. జనం ఎప్పుడు లేచి వెళ్లారో తెలిసింది. ఏ మాట దగ్గర అర్థంకాక వెళ్లారో తెలియాలంటే ఎదురుగా మనిషి ఉండాలి.

కోర్సులు డిజైన్ చేయడానికి వాడే యాడీ అనే పద్ధతిలో పేరుకు చివరి మెట్టు మూల్యాంకనమే, అంటే పాఠం పనిచేసిందా లేదా అని చూడటమే. కానీ గడువు దగ్గరపడేసరికి ముందు కోత పడేది దానికే. నేను చేసిన మొదటి మాడ్యూల్‌లో వివరణ, ప్రశ్న ఒకే స్లైడ్‌లో పెట్టాను. జవాబు కళ్లెదుటే ఉంది కాబట్టి అందరికీ మంచి మార్కులొచ్చాయి. రెండు నెలల తర్వాత వాళ్ల పనిలో పాత తప్పులే కనిపించాయని కబురొచ్చింది. క్లాసు అయితే అదే గంటలో తెలిసిపోయేది!

టూల్స్ రావేమోనని టెన్షన్ పడకండి. మాడ్యూళ్లు తయారుచేసే స్టోరీలైన్ లాంటివి కొన్ని వారాల సాధనతో చేతికి వస్తాయి. మూడిల్ అనే ఎల్ఎంఎస్, క్విజ్‌ల్లాంటివి తయారుచేసే హెచ్‌ఫైవ్‌పీ ఉచితంగానే దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లు ఎక్కడ తడబడతారో ముందే పసిగట్టే చూపు మాత్రం వారాల్లో రాదు.

ఎల్ఎంఎస్ అడ్మిన్, వీడియో ఎడిటింగ్ సంగతి కూడా అడుగుతున్నారు. రెండూ గౌరవమైన ఉద్యోగాలే. కాకపోతే వాటి నుంచి పాఠం తయారుచేసే పనిలోకి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఇప్పటికే కొన్నేళ్లు తరగతి గదిలో పాఠాలు చెప్పినవాళ్లకు నా సలహా వేరు. మీరు నేరుగా డిజైన్‌లోకి వెళ్లండి, ఆ చూపు మీకు వచ్చేసే ఉంటుంది. కెమెరా ముందు మాట పెగలనివాళ్లు చాట్‌లో సందేహాలు తీర్చే పనితో మొదలుపెట్టవచ్చు.

క్లాసులు చెప్పే రోజుల్లో ఒక్క పని మానకండి. పిల్లలైనా పెద్దలైనా ఇచ్చిన తప్పు జవాబులను తేదీ వేసి రాసుకోండి. డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, క్విజ్‌లో తప్పు ఆప్షన్లు ఎలా తయారుచేస్తారని నన్ను అడిగారు. నేను ఆ నోటుబుక్కే వాళ్ల ముందు పెట్టాను. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది.