ప్లాస్టిడ్ చాపెరోన్ల నియంత్రణ: అరబిడాప్సిస్ మేలా, క్లామిడోమోనాస్ మేలా?

అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి బెంగళూరు ప్రయోగశాలల్లో పీహెచ్‌డీకి చేరే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది: ప్లాస్టిడ్‌లో (మొక్క కణంలోని హరితరేణువు వంటి అరలో) ప్రోటీన్లు సరిగ్గా ముడుచుకునేలా చూసే సహాయక ప్రోటీన్లు, అంటే చాపెరోన్లు, ఎప్పుడు ఎంత తయారవ్వాలో ఎలా తేలుతుందన్నది అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చదవాలా, క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలంలో చదవాలా? గైడు సమస్యను అప్పగించి, ఏ జీవి మీద పని చేయాలో మీరే తేల్చుకోండి అంటారు. మొక్కల శాస్త్రం చదివి వచ్చి ఏకకణ శైవలం మీద పని చేస్తే ఇంట్లో ఏం చెప్పాలన్న బెంగ కూడా కొందరిది. ఇంట్లోవాళ్ల సంగతి పక్కన పెట్టి, ప్రయోగం సంగతి చూద్దాం.

రెండింటిలోనూ అసలు చిక్కు ఒక్కటే. హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90సీ, క్లిప్‌బీ3, సీపీఎన్60 వంటి చాపెరోన్లు పనిచేసేది ప్లాస్టిడ్ లోపల. వాటి జన్యువులన్నీ ఉన్నది కేంద్రకంలో. (ఎర్ర శైవలాల్లో కొన్నింటికి హెచ్‌ఎస్‌పీ70 జన్యువు ఇప్పటికీ ప్లాస్టిడ్‌లోనే ఉంది. వాటి దారి వేరు.) లోపల ప్రోటీన్లు ముడుచుకోలేక ముద్దకడుతున్నాయన్న కబురు బయటికి, కేంద్రకం దాకా ఎలా చేరుతుంది? నియంత్రణ అని మనం అంటున్నదాంట్లో పెద్ద వాటా ఈ ప్రశ్నదే. కాబట్టి జీవిని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే: మిగతా కణాన్ని కదపకుండా, ప్లాస్టిడ్‌ను మాత్రమే, మనం కోరిన సమయానికి ఇబ్బంది పెట్టగలమా?

వేడితో అది కాదు. 37 డిగ్రీల్లో పెడితే సైటోప్లాజంలోని ప్రోటీన్లూ చెడతాయి, వేడికి స్పందించే ట్రాన్స్‌క్రిప్షన్ కారకాలూ (జన్యువులను మేలుకొలిపే ప్రోటీన్లు) లేస్తాయి. అరబిడాప్సిస్‌లో ఈ కారకాలు 21 ఉన్నాయి. ప్లాస్టిడ్ చాపెరోన్ జన్యువులూ పెరుగుతాయి, నిజమే. కానీ ఆ పెరుగుదల ప్లాస్టిడ్ పంపిన కబురు వల్ల వచ్చిందా, బయటి గోల వల్ల వచ్చిందా అన్నది తేల్చడం, తిరునాళ్ల సందడిలో ఏ ఇంట్లోంచి కేక వినబడిందో చెప్పడం లాంటిదే.

ఇక్కడే క్లామిడోమోనాస్ ముందుకు వస్తుంది. జెనీవాలో జాన్ డేవిడ్ రోషే బృందం తయారుచేసిన పద్ధతిలో, పెంచే ద్రవంలో బీ12, థయమిన్ విటమిన్లు కలిపితే చాలు, ఎన్ఏసీ2 అనే కేంద్రక జన్యువు ఆగిపోతుంది. ఎన్ఏసీ2 ప్రోటీన్ లేకపోతే ప్లాస్టిడ్‌లోని పీఎస్‌బీడీ జన్యువు ఎంఆర్‌ఎన్ఏ నిలవదు. ఆ ఎంఆర్‌ఎన్ఏను నిలబెట్టే ముక్కను తెచ్చి ప్లాస్టిడ్‌లోని క్లిప్‌పీ1 జన్యువు ముందు అతికించారు. ఫలితంగా విటమిన్ కలిపిన క్షణం నుంచి క్లిప్ ప్రోటియేజ్ (ప్లాస్టిడ్‌లో పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం, క్లిప్‌పీ1 దాని భాగమే) క్రమంగా తరిగిపోతుంది. కణాన్ని వేడి చేయలేదు, విషం పెట్టలేదు. 2014లో ఈ పద్ధతితోనే, ప్రోటియేజ్ తగ్గేకొద్దీ కేంద్రకంలో ప్లాస్టిడ్ చాపెరోన్ల జన్యువులు మేలుకోవడం చూపించారు. 2019లో పీటర్ వాల్టర్ బృందం ఇదే జీవిలో, ఈ కబురు దారిలో పనిచేసే మార్స్1 అనే కైనేజ్‌ను (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) పట్టుకుంది. అది లేని కణాలు మితిమీరిన వెలుగుకు తట్టుకోలేవు. గంటగంటకూ నమూనా తీసి, ఏ జన్యువు ముందు కదిలింది, ఏది తర్వాత అని వరుస కట్టగలగడం చిన్న విషయం కాదు.

అరబిడాప్సిస్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ప్లాస్టిడ్ లోపలి తీర్పులు బాగా అర్థమైంది అక్కడే. ఐసోప్రెనాయిడ్ల (కెరోటినాయిడ్ల వంటి పదార్థాల) తయారీ దారిలో మొదటి ఎంజైమ్ డీఎక్స్ఎస్ చెడిపోతే, జే20 అనే సహాయక ప్రోటీన్ దాన్ని గుర్తించి హెచ్‌ఎస్‌పీ70 దగ్గరికి చేరుస్తుంది. ఆ తర్వాత క్లిప్‌బీ3 చేతిలో పడితే మరమ్మతు, క్లిప్‌సీ1 చేతిలో పడితే విధ్వంసం. క్లిప్ ప్రోటియేజ్ కుంటుపడినప్పుడు చాపెరోన్లు పెరగడంలో హెచ్‌ఎస్‌ఎఫ్ఏ2 అనే వేడి కారకం పాత్రను 2017లో చూపించిందీ అరబిడాప్సిస్‌లోనే. నా అభ్యంతరమల్లా ఇది: క్లిప్ మ్యుటెంట్ మొక్క పుట్టుకతోనే రోగిష్ఠి. ఏది కారణం, ఏది సర్దుబాటు అన్నది అందులో కలగలిసిపోతుంది. లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే సమయం మన చేతిలో ఉంటుంది గానీ, ప్లాస్టిడ్‌లో ప్రోటీన్ల తయారీ మొత్తం ఆగిపోతుంది. పైగా స్ట్రోమాలో (హరితరేణువు లోపలి ద్రవంలో) పనిచేసే హెచ్‌ఎస్‌పీ70 జన్యువులు రెండు: ఒకటి తీసేస్తే మొక్క బతుకుతుంది, రెండూ తీసేస్తే దక్కదు. క్లామిడోమోనాస్‌లో ఆ పని చేసేది హెచ్‌ఎస్‌పీ70బీ ఒక్కటే.

బెంగళూరు సంగతి కూడా చెప్పాలి. ఊరు చల్లగా ఉంటుంది కదా అని అరబిడాప్సిస్ గదిని తేలిగ్గా తీసుకోకండి. దానికి 22 డిగ్రీలు కావాలి. ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటరు అందుకున్నా ఏసీ తిరిగి మొదలు కాకపోతే, గది ఉష్ణోగ్రత ఎక్కడికి పోతుందో ఊహించండి. వేడికి పుట్టే, మామూలుగా ఆకులో కానరాని చాపెరోన్ హెచ్‌ఎస్‌పీ21, పోలికకు పెట్టుకున్న మొక్కల్లోనే కనిపిస్తుంది. వేరే విషయం చదివేవారికి ఇది చిరాకు మాత్రమే. చాపెరోన్లు చదివేవారికి ఆ విడత మొత్తం పోయినట్టే, మళ్లీ విత్తనం దాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు. శైవలానికైతే ఫ్లాస్కు, వెలుగు, షేకరు చాలు. విడత చెడినా వారంలో మళ్లీ నిలబడతారు. అయితే అసిటేట్ ఉన్న ద్రవం బూజుకూ ఇష్టమే, వానాకాలంలో మరీను. కేంద్రకంలో పెట్టిన పరాయి జన్యువు కొన్నాళ్లకు మూగబోవడం దీని పాత జబ్బు. ఆ విసుగుకు సిద్ధపడే రండి.

మీ ప్రశ్న పండు రంగు మారడం గురించో, వేరులోని ప్లాస్టిడ్ల గురించో అయితే శైవలం పనికిరాదు. దానికి ఉన్నది ఒకే గిన్నె ఆకారపు హరితరేణువు. అప్పుడు టమాటా చూడండి. పొగాకులో ప్లాస్టిడ్ జన్యుమార్పు సులువు, మిగతావన్నీ నిదానం. బఠానీ ఆకు హరితరేణువులు ప్రోటీన్లు లోపలికి ఎలా చేరతాయో చూసే దిగుమతి ప్రయోగాలకు బాగుంటాయి, అంతకు మించి ఆశించవద్దు. వరి మీద చేస్తానంటే కాదనను, కానీ ఐదేళ్ల ఫెలోషిప్పులో కష్టం.

శైవలం వైపే మొగ్గితే ఒక్క జాగ్రత్త. మార్చని అసలు జాతికి కూడా అవే విటమిన్లు, అదే మోతాదులో కలిపి ప్రతిసారీ పక్కనే పెంచండి. విటమిన్లు కొన్ని జన్యువులను వాటంతట అవే కదుపుతాయి. ఆ పోలిక లేని గ్రాఫును మీ కమిటీ మొదటి ప్రశ్నతోనే వెనక్కి పంపుతుంది.