పికప్‌కు అదనపు డీజిల్ ట్యాంకు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పికప్‌కు రెండో డీజిల్ ట్యాంకు పెట్టించుకోవాలనుకునే ప్రతివారూ ముందుగా అడిగేది ‘ఎన్ని లీటర్లది?’ అని. ఇన్నేళ్లు వాడిన మీదట నేననేది, ఆ ప్రశ్న చివర అడగమని. ట్యాంకులోకి గాలి వచ్చిపోయే గొట్టం ఎక్కడ పెట్టారు, వాల్వు ఎలాంటిది, ట్యాంకును దేనికి బిగించారు అనే మూడు సంగతులు ముందు తేలాలి. ఈ మూడూ కుదిరితే వంద లీటర్ల ట్యాంకు కూడా హాయిగా పనిచేస్తుంది. కుదరకపోతే ఇరవై లీటర్లదైనా ప్రమాదమే.

నాది బీఎస్-4 (ఇప్పటి బీఎస్-6కు ముందున్న పొగ కాలుష్య ప్రమాణం) కాలం నాటి డీజిల్ బండి. హైదరాబాద్ నుంచి వరికోత యంత్రాల విడిభాగాలు, మరమ్మతు సామాను వేసుకుని తిరుగుతుంది. వానాకాలం, యాసంగి కోతలప్పుడు ములుగు దాటి ఏటూరునాగారం అడవి దారిలో వెళ్తాను. మిగతా నెలల్లో జహీరాబాద్ మీదుగా హుమ్నాబాద్, సోలాపూర్ వైపు కిరాయిలు. మొదటి దారిలో రాత్రిపూట బంకు కోసం వెతుక్కోవడం, రెండో దారిలో కర్ణాటక సరిహద్దు దాటితే దొరికే తక్కువ ధర, ఈ రెండే నన్ను ట్యాంకు వైపు నడిపించాయి.

పనికి ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే డ్రాయింగు పట్టుకుని ముందు రవాణా కార్యాలయానికి వెళ్లి, రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే పని మొదలుపెట్టించాను. బీమా వారికీ తెలియజేశాను. ‘ఎవరు చూస్తారులే’ అనే సలహా చాలామంది ఇస్తారు. ప్రమాదం జరిగిన రోజున ఆ సలహా ఇచ్చినవారు పక్కన ఉండరు.

ట్యాంకు బాలానగర్‌లో చేయించాను. అక్కడ గాల్వనైజ్డ్ రేకు వేస్తే తుప్పు పట్టదని చెప్పారు. ఒప్పుకోలేదు. జింకు పూత డీజిల్‌తో కలిసి సబ్బు లాంటి పదార్థంగా మారి ఫిల్టర్లను, ఇంజెక్టర్లను పూడ్చేస్తుంది. మామూలు ఉక్కు రేకే, లోపల పూత లేకుండా, డీజిల్ అటూ ఇటూ ఊగకుండా ఆపే అడ్డుపలకలతో చేయించాను. ఈ పలకల విషయంలో రాజీ వద్దు. నిండుకుండ తొణకదు గానీ సగం ఖాళీ అయిన ట్యాంకు మలుపు మలుపుకీ తొణుకుతుంది. ఆ ఊపు స్టీరింగులో తెలుస్తుంది, వెల్డింగు అతుకుల మీద పడుతుంది. మొదటిసారి డీజిల్ పోసే ముందే కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి కారుతుందేమో చూడాలి. ఒకసారి డీజిల్ పోసిన ట్యాంకుకు, లోపల పూర్తిగా శుభ్రం చేయకుండా మళ్లీ వెల్డింగు పెట్టనివ్వకండి. మిగిలిన ఆవిరి పేలి మనుషులు పోతారు.

లీటరు డీజిల్ బరువు దాదాపు 0.83 కిలోలు. వంద లీటర్లంటే 83 కిలోలు, ఉక్కు, పట్టీలతో కలిపితే 110 దాటుతుంది. అంత సరుకు తగ్గించుకోవాల్సిందే. అందుకే ట్యాంకు క్యాబిన్ వెనకాలే, రెండు ఇరుసుల మధ్య ఉండాలి. బోల్టులు బాడీ రేకులోకి కాకుండా ఛాసిస్ అడ్డకమ్మీలోకి దిగాలి. నా దానికి కింద రబ్బరు పలకలు, పైన ఉక్కు పట్టీలు ఉన్నాయి. గతుకుల దారుల్లో ఇంతకాలం తిరిగినా అతుకు విడలేదు.

డీజిల్‌ను కిందికి దించే పద్ధతి దగ్గరే ఎక్కువమంది చౌకదారి పడతారు. పైనున్న అదనపు ట్యాంకు నుంచి గొట్టం తెచ్చి, అసలు ట్యాంకు నింపే గొట్టానికి T ఆకారపు అతుకుతో కలిపి వదిలేస్తారు. పంపు ఖర్చు లేదు, నిజమే. కానీ పైనున్న డీజిల్ ఒత్తిడంతా కింది మూత మీద పడుతుంది. మూత రబ్బరు అరిగిన రోజున డీజిల్ రోడ్డు మీదికి పారుతుంది, వెనక వచ్చే ద్విచక్ర వాహనదారు జారిపడతారు. ఇంజనుకు నేరుగా కలిపి ట్యాంకు మార్చే వాల్వు పెట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో ఇంజను నుంచి తిరిగొచ్చే గొట్టం కూడా అదే వాల్వుతో మారాలి. లేకపోతే రెండో ట్యాంకు డీజిల్ తిరిగొచ్చి మొదటి దాంట్లో చేరి పొంగుతుంది. నేను 12 వోల్టుల పంపు పెట్టించి, అసలు ట్యాంకు సగానికి తగ్గాకే కొంచెం కొంచెంగా దించుకుంటాను. పంపు ఆపినా పైనుంచి డీజిల్ తనంతట తాను దిగుతుంది కాబట్టి కరెంటు పోగానే మూసుకునే సొలనాయిడ్ వాల్వు, దానికి తోడు చేతితో తిప్పే వాల్వు రెండూ ఉండాల్సిందే. పంపుకు ముందు ఫిల్టరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు.

వేసవిలో ఇక్కడ ఎండ సంగతి తెలిసిందే. ఇరవై డిగ్రీలు వేడెక్కితే వంద లీటర్ల డీజిల్ ఒకటిన్నర లీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. అందుకని నా వంద లీటర్ల ట్యాంకులో 95 లీటర్లకు మించి పోయించను. గాలి గొట్టం ట్యాంకు పైభాగం నుంచి లేచి, బండి పల్టీ కొట్టినా కారని వాల్వుతో ఉంది. వానాకాలంలో వేరే బాధ. సగం ఖాళీ ట్యాంకులో తేమ నీరై అడుగుకు చేరుతుంది, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు వస్తుంది. అడుగున ఉన్న డ్రెయిన్ నట్టు విప్పి కాస్త వదలడం మా ఇంట్లో శనివారం పనిగా మారింది.

డబ్బు లెక్క నిజాయితీగా చెబుతాను. పంపు, వాల్వులు, మజూరీ కలిపి ముప్పై వేలు దాటింది. తెలంగాణలో డీజిల్‌పై వ్యాట్ 27 శాతం. కర్ణాటకలో ధర లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. ఐదు రూపాయల తేడా అనుకుంటే, 95 లీటర్లకు మిగిలేది 475. ఈ లెక్కన పెట్టుబడి తిరిగి రావాలంటే అరవైసార్లకు పైగా నింపాలి. ఆదా కోసమే అయితే వద్దంటాను. నాకు దక్కిన లాభం నచ్చిన బంకులోనే పోయించుకోగలగడం. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మెతో నగరంలో బంకుల ముందు బారులు తీరినప్పుడు నా కిరాయిలు ఆగలేదు. ఆ రెండు రోజుల్లో దీని విలువ పూర్తిగా తెలిసింది.

ఇదంతా డీజిల్ సంగతే. పెట్రోలు బండికి ఇలాంటి పని ఎవరైనా చేస్తామంటే వెంటనే లేచి వచ్చేయండి. అది మామూలు వేడికే ఆవిరై అంటుకునే ఇంధనం. పొగను శుద్ధి చేయడానికి యూరియా ద్రావణం వాడే బీఎస్-6 బండి ఉన్నవారు దాని ట్యాంకు పెరగదని గుర్తుపెట్టుకోవాలి. డీజిల్ నిండుగా ఉన్నా ఆ ద్రావణం అయిపోతే బండి కదలదు.

నా ట్యాంకులో నాకింకా నచ్చనిది ఒకటుంది. ఎంత మిగిలిందో డ్యాష్‌బోర్డు మీద కనిపించదు, దిగి కొలపుల్ల ముంచి చూసుకోవాలి. వచ్చే యాసంగిలోపు ట్యాంకులో ఫ్లోట్ (డీజిల్ మీద తేలుతూ మట్టం చూపే బిళ్ల) పెట్టించి, మీటరు సూదిని క్యాబిన్‌లోకి తెప్పించుకుంటున్నాను.