కోరింగ మడ అడవికి తిథి చూసుకుని బయలుదేరండి

కాకినాడ దగ్గరి కోరింగకు ఏ రోజు వెళ్ళాలో క్యాలెండర్లో ఆదివారాల ఎరుపు చూసి తేల్చుకుంటే సగం అడవి కంటపడదు. తిథి చూసుకోవాలి. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు (సముద్రపు నీళ్ళు ఎక్కడం), రెండుసార్లు పాటు (నీళ్ళు తీయడం). ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పున్నమి ముందూవెనకా నీళ్ళు బాగా ఎక్కి, అంతే బాగా తీస్తాయి. అష్టమి, నవములకు పెద్ద తేడా ఉండదు. పడవకు పోటు కావాలి, బురదమీది పక్షులకూ పీతలకూ పాటు కావాలి. రెండూ ఒకే పూటలో దక్కాలంటే నీళ్ళు పూర్తిగా తీసిన వేళకు చేరుకుని ముందు చెక్కబాట మీద నడవండి, పోటు ఎక్కాక పడవెక్కండి. కాకినాడ రేవు ఆటుపోట్ల పట్టిక ఫోన్లోనే దొరుకుతుంది.

కాకినాడ నుంచి యానాం వైపు 216వ జాతీయ రహదారి మీద సుమారు 18 కిలోమీటర్లు. యానాం బస్సులన్నీ ఇటే వెళ్తాయి. హౌరా–చెన్నై లైన్లో వచ్చేవాళ్ళు సామర్లకోటలో దిగాలి. పుష్య బహుళ అమావాస్య నాడు మాత్రం పోటు బాగుందని రావద్దు. చొల్లంగి తీర్థం జనంతో రోడ్డు కదలదు. కార్తీకంలో సమారాధనల ఆదివారాలూ అంతే.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో నడిచి చూడగలిగేది చెక్కబాట చుట్టూ ఉన్న కాస్త భాగమే. అయినా పడవకన్నా ముందు మార్కులు దానికే. తెల్లమడ ఆకును తెంపకుండా వేలితో తడిమి నాలుకకు రాసుకోండి, ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళలా నిక్కినవి ఊపిరివేళ్ళు. ఆ బురదలో గాలి ఆడదు, అందుకే వేరు పైకి వచ్చి పీల్చుకుంటుంది. మడజాతి పొన్న కాయ చెట్టుమీదే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది. తిల్ల అనే మడచెట్టు కొమ్మ మాత్రం తుంచవద్దు, పిల్లల్ని తుంచనివ్వద్దు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వాన కురిశాక చెక్కలు జారతాయి, రబ్బరు అట్ట అరిగిన చెప్పులతో రావద్దు.

పడవలో అడగాల్సినవి రెండు: అందరికీ లైఫ్ జాకెట్లు, వంపుల దగ్గర కాసేపు ఇంజను ఆపడం. ఆ మోత ఆగితేనే కొంగలు, లకుముకి పిట్టలు ఒడ్డున నిలుస్తాయి. నీటికుక్కలు పొద్దున్నే అయితే కనిపించవచ్చు. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగటి పడవలో చూపిస్తామంటే నమ్మకండి. పాటులో కాలవల్లో నీళ్ళు తగ్గి పడవలు బురదెక్కుతాయి. అప్పుడు పడవ తీయమని బలవంతపెడితే మళ్ళీ పోటు వచ్చేదాకా అందులోనే కూర్చోవాలి. కాకినాడ ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండుకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, తాగేనీళ్ళు పట్టుకెళ్ళండి. జనవరి నుంచి మార్చి దాకా అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రిపూట దీపాలు వెలిగిస్తే తల్లులు వెనుదిరుగుతాయి, పిల్లలు దారి తప్పుతాయి.

బసకు కాకినాడే మేలు. గది, తిండి, తెల్లవారుజామున ఆటో, మూడూ దొరుకుతాయి. యానాం దగ్గరే, సాయంత్రం గౌతమి ఒడ్డు బాగుంటుంది. దిండిలో వశిష్ఠ పక్కన టూరిజం వాళ్ళ రిసార్టు కొబ్బరితోటల మధ్య హాయిగా ఉంటుంది గానీ అక్కణ్ణుంచి కోరింగకు రెండు గంటలకు తక్కువ పట్టదు. పొద్దుటి పాటు తప్పిపోతుంది. దాన్ని విడిగా ఒక రోజు పెట్టుకోండి. భోజనం కాకినాడలోనే కట్టించుకోండి, స్టీలు డబ్బాలో. ఇక్కడ పారేసిన కవరు పోటుతో లోపలికి పోయి ఊపిరివేళ్ళకు చుట్టుకుంటుంది, పాటు దాన్ని వెనక్కి తీసుకురాదు.

1839 తుపానులో కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఈ తీరంలో ఉప్పెన ఎంత ఎత్తు లేవగలదో అక్కడే తెలిసింది. ఆ ఉప్పెన జోరును మడ చెట్లు తగ్గిస్తాయి, అందుకే మడ పోయిన చోట మళ్ళీ పెంచడం ఊళ్ళకు అవసరం. మడను మొత్తంగా నరికిన చోట నేల కుంగి పళ్ళెంలా అవుతుంది. పోటునీరు చేరి నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ నాటిన మొక్క బతకదు. కాబట్టి ముందు పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా చేపముల్లులా పిల్లకాలవలు తవ్వుతారు. నీళ్ళు వచ్చి పోవడం మొదలై ఉప్పు తగ్గాక గట్ల మీద మడ మొక్కలు నాటుతారు. కాలవలు పూడిపోతే మళ్ళీ మొదటికే, అందుకని పూడిక తీస్తూనే ఉండాలి. స్థానికులెవరైనా వెంట ఉంటే ఆ కాలవలు చూపించమని అడగండి. వాటి తవ్వకంలోనూ, కాపలాలోనూ చుట్టుపక్కల బెస్త ఊళ్ళవాళ్ళ చెయ్యి ఉంది.